గంపగుత్త బేరంలో ల్యాప్‌టాప్: తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి మండలంలో ఒక పల్లె. నాలుగెకరాల్లో పొగాకు వేస్తాం. మా అమ్మాయి ఈ ఏడాది ఒంగోలులో ఇంజనీరింగ్‌లో చేరింది, కంప్యూటర్ సైన్స్. హాస్టల్లో ఉంటోంది. ల్యాప్‌టాప్ లేకపోతే కుదరదంటోంది. ఒంగోలులో ఒక దుకాణంలో అడిగితే, 3,999 రూపాయలు కట్టి ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లండి, సిమ్ము అందులోనే ఉంటుంది, రోజుకు 1.5 జీబీ నెట్ వస్తుంది, నెలకు 1,799 చొప్పున 24 నెలలు కడితే చాలు, ల్యాప్‌టాప్ ఉచితం కింద లెక్క అన్నారు. ఫైలు ఖర్చు 999 వేరే. సెలరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అని రాసి ఉంది. విడిగా కొంటే అదే ల్యాప్‌టాప్ 22,990 అని చీటీ అంటించారు. మా ఊళ్లో ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు, డాబా ఎక్కితే వస్తుంది. కావలి దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే మా తమ్ముడు ఇలాంటిదే తీసుకున్నాడు, చాలా బాగుందంటున్నాడు. వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. తీసుకోమంటారా? రెండేళ్ల తర్వాత ఇంటర్ చదివే మా అబ్బాయికి కూడా అదే పనికొస్తుందా?

సమాధానం: అమ్మా, తీసుకోవద్దు. మీ అమ్మాయికి ల్యాప్‌టాప్ కావాలి, అందులో రెండో మాట లేదు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్ల కాలేజీ ల్యాబులో గంటా రెండు గంటలు కూర్చుంటే ప్రోగ్రామింగ్ చేతికి రాదు. రాత్రి హాస్టల్లో కూర్చుని తప్పులు చేసుకుంటూ, దిద్దుకుంటూ నేర్చుకోవాల్సిన విద్య అది. అందుకే ఆమె అడిగింది న్యాయం. మీకు చూపించిన బేరమే న్యాయంగా లేదు.

ఆ బేరంలో మూడు వేర్వేరు సరుకులున్నాయి. ల్యాప్‌టాప్ ఒకటి, ఇంటర్నెట్ ఒకటి, అప్పు ఒకటి. మూడింటినీ ఒకే ధర కింద గంపగుత్తగా చెప్పేసరికి ఏది ఎంతకు కొంటున్నామో మనకు తెలియకుండా పోతుంది. పొగాకు వేలం కేంద్రంలో కొనేవాడు బేలు (ఆకు మూట) విప్పి ఆకు చూడకుండా ధర చెప్పడు కదా, మీరూ ఈ మూటను అలాగే విప్పి చూడండి.

ముందు లెక్క. నెలకు 1,799 చొప్పున 24 నెలలకు 43,176 రూపాయలు. మొదట కట్టే 3,999, ఫైలు ఖర్చు 999 కలిపితే మొత్తం 48,174. ల్యాప్‌టాప్ విడి ధర 22,990 అని వాళ్లే చీటీ అంటించారు. అది తీసేస్తే మిగిలింది 25,184. ఇప్పుడు నెట్ ఖర్చు చూద్దాం. రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల రీఛార్జి ఈ రోజుల్లో 300 నుంచి 350 రూపాయల మధ్య దొరుకుతోంది. 28 రోజులకొకసారి అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జీలు. రెండేళ్లకు ఇరవై ఆరు. ఎక్కువ ధరే పట్టుకుని 350 చొప్పున వేసినా 9,100 అవుతుంది. 25,184 లోంచి 9,100 పోతే ఇంకా 16,084 రూపాయలు మిగిలాయి. వీటికి బదులుగా మీ చేతికి వచ్చేది ఏమీ లేదు. లాభం అనండి, వడ్డీ అనండి, మీరు ఊరికే ఇచ్చే డబ్బు అది.

మన ఊళ్ల లెక్కలో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. మొదట కట్టే 3,999 పోను ల్యాప్‌టాప్ మీద మీకు నిజంగా పడే బాకీ 18,991 రూపాయలు. నెట్ ఖర్చు మినహాయించి చూస్తే దానికోసం మీరు నెలకు దాదాపు 1,420 చొప్పున రెండేళ్లు కడుతున్నారు. బాకీ నెలనెలా తగ్గుతూ పోయే పద్ధతిలో కట్టి చూస్తే ఇది నూటికి నెలకు ఐదు రూపాయల పైచిలుకు వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటేనే ఊళ్లో మనం వెనకాడతాం. ఐదు రూపాయల వడ్డీకి ఎవరైనా అప్పిస్తానంటే వాకిట్లోంచే పంపించేస్తాం. ఉచితం అనే మాట తోడయ్యేసరికి అదే వడ్డీ కంటికి కనిపించలేదు.

ఉచితం, జీరో వడ్డీ అనే మాటల గురించి రిజర్వు బ్యాంకు 2013 లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. వడ్డీ లేని వాయిదాలు అనేవి అసలు ఉండవని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో మరో రూపంలోనో దాచి వసూలు చేస్తున్నారని అప్పట్లో స్పష్టంగా రాసింది. 2024 అక్టోబరు 1 నుంచి మరో మంచి నిబంధన వచ్చింది. బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ ఇలాంటి అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం మీ చేతికివ్వాలి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి పడే నిజమైన వడ్డీ శాతం, మొత్తం కట్టాల్సిన డబ్బు, వాయిదా తప్పితే వేసే జరిమానా, అన్నీ అందులో ఉండాలి. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నిబంధనే చెబుతోంది. కాబట్టి తెలుగులో ఇమ్మని అడగండి, మొహమాటపడవద్దు. ఆ కాగితం చూపించకుండా సెల్‌ఫోన్లో ఓటీపీ చెప్పమనే చోట ఏ వస్తువూ కొనవద్దు. ఓటీపీ చెప్పారంటే అప్పు పత్రం మీద సంతకం పెట్టినట్టే.

ఈ బేరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది వడ్డీ కూడా కాదు. అప్పు ఇచ్చేది ఒకరు, నెట్ ఇచ్చేది ఇంకొకరు, ల్యాప్‌టాప్ తయారుచేసింది మరొకరు. దుకాణంలో బల్ల ముందు కూర్చున్నప్పుడు ముగ్గురూ ఒక్కరే అన్నట్టు కనిపిస్తారు. రేపు మీ ఊళ్లో నెట్ రాకపోతే దుకాణం వాళ్లు టెలికాం కంపెనీని అడగమంటారు. ల్యాప్‌టాప్ పాడైతే సర్వీసు సెంటరుకు వెళ్లమంటారు. ఫైనాన్స్ కంపెనీ మాత్రం నెట్ వచ్చినా రాకపోయినా, ల్యాప్‌టాప్ పనిచేసినా చేయకపోయినా, మీ ఖాతాలోంచి నెలనెలా 1,799 తీసుకుంటూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు తయారీ కంపెనీ వారంటీ మామూలుగా ఒక ఏడాదే ఉంటుంది. మీ వాయిదాలు రెండేళ్లు. పదమూడో నెలలో బోర్డు పోయిందనుకోండి, బాగుచేయించే ఖర్చూ మీదే, మిగతా పన్నెండు వాయిదాలూ మీవే.

ఇక పొగాకు ఇంట్లో నెలవారీ వాయిదా అనేదే సరిపడని పద్ధతి. మీ డబ్బు నెలనెలా రాదు. వేలం మొదలయ్యాక బేళ్లు అమ్ముడుపోయినప్పుడు ఖాతాలో పడుతుంది, అందులోనూ బ్యాంకు పంట రుణం కింద మినహాయించుకోగా మిగిలింది మీది. నాట్లు, ఎరువులు, కూలీలు, బ్యారన్‌లో ఆకు కాల్చి ఆరబెట్టే క్యూరింగ్ ఖర్చు, ఇవన్నీ చేతిలో డబ్బు ఆడని నెలల్లో వస్తాయి. అప్పుడే వాయిదా తారీఖు వచ్చి ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక జరిమానా, ఫైనాన్స్ కంపెనీ ఒక జరిమానా వేస్తాయి. రెండు మూడు నెలలు అలా జరిగితే తడిసి మోపెడవుతుంది. అంతకంటే పెద్ద నష్టం, అప్పులు సక్రమంగా తీర్చారో లేదో చూపే సిబిల్ స్కోరుకు జరుగుతుంది. రేపు మీ అమ్మాయి చదువుకో, అబ్బాయి చదువుకో బ్యాంకులో విద్యారుణం అడిగితే తల్లిదండ్రులను సహరుణగ్రహీతలుగా పెట్టి ముందు చూసేది ఆ స్కోరునే. పాతిక వేల వస్తువు కోసం నాలుగైదు లక్షల రుణానికి అడ్డం తెచ్చుకోకూడదు.

విద్యారుణం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మీ అమ్మాయి చదువుకు రుణం తీసుకుని ఉన్నా, తీసుకోబోతున్నా, ల్యాప్‌టాప్ ఖర్చు కూడా అందులో చేర్చమని బ్యాంకు మేనేజరును అడగండి. కోర్సుకు అవసరమైన కంప్యూటర్ కొనుగోలును బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం ఖర్చుల్లో ఒకటిగానే గుర్తిస్తుంది. చాలామంది ఫీజు, హాస్టలు ఖర్చు రాసి ఊరుకుంటారు. రుణం లేకపోతే మీ డ్వాక్రా సంఘం ఉంది. అక్కడ పడే వడ్డీ, పైన చెప్పిన ఐదు రూపాయల వడ్డీకి దరిదాపుల్లో కూడా ఉండదు. రెండూ కుదరకపోతే ఈ వేలం డబ్బు పడేదాకా ఆగండి. పైన చెప్పినట్టు ల్యాబు ఒక్కటే చాలదు గానీ, మొదటి ఏడాది సీ భాష, లెక్కలు, ఫిజిక్సు కాలేజీ ల్యాబుతోనే నెట్టుకురావచ్చు. ల్యాప్‌టాప్ నిజంగా లేనిదే గడవనిది రెండో ఏడాది నుంచి.

ఇప్పుడు సిగ్నల్ సంగతి. డాబా ఎక్కితేనే సిగ్నల్ వస్తుందని మీరే రాశారు. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన వాక్యం అది. ల్యాప్‌టాప్‌లో పెట్టిన సిమ్ము కూడా మీ ఫోన్లో సిమ్ము పట్టుకునే టవరునే పట్టుకోవాలి. ఇంట్లో ఫోనుకు రాని సిగ్నల్ ల్యాప్‌టాప్‌కు వస్తుందని ఆశపడవద్దు. పైగా ఫోను అయితే కిటికీలో పెట్టవచ్చు, డాబా మీద పెట్టవచ్చు. ల్యాప్‌టాప్ మనం కూర్చున్న చోటే ఉండాలి.

పరీక్షించే పద్ధతి చెబుతాను. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్ తెరిచి, అబౌట్ ఫోన్ లోకి వెళ్లి, సిమ్ స్టేటస్ అనే చోట చూస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె, పక్కన డీబీఎం అని కనిపిస్తుంది. మైనస్ 90, అంతకంటే చిన్న అంకె అంటే 85, 80 ఉంటే సిగ్నల్ బాగున్నట్టు. మైనస్ 110 దాటి 115, 120 చూపిస్తుంటే ఆ చోట వీడియో పాఠం సాగదు. మీ ఇంట్లో ఒక కంపెనీ సిమ్ము ఉంటుంది, పక్కింట్లో ఇంకొకటి ఉంటుంది. జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్, వీఐ, ఏది దొరికితే ఆ ఫోను తెప్పించి, మీ అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు కూర్చుని చదువుకునే చోటనే పెట్టి చూడండి. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య చూడండి, ఊరంతా ఫోన్లు చూసే వేళ అది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, దానితో వేగం కూడా తెలుస్తుంది. కవరేజీ మ్యాపులను టెలికాం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది కాబట్టి అవి కూడా చూడవచ్చు. కానీ మ్యాపులో ఊరంతా రంగు పూసి ఉన్నా గోడల లోపల ఏమవుతుందో అది చెప్పదు. నేను మాత్రం మీ గదిలో ఫోను చూపించిన అంకెనే నమ్ముతాను.

5జీ అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దానికి తొందరపడవద్దు. 5జీలో ఎక్కువగా వాడే 3,300 మెగాహెర్ట్జ్ తరంగాలు టవరు నుంచి ఎక్కువ దూరం పోవు, గోడలు దాటడమూ కష్టం. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు పొలాలు దాటుకుని దూరం వస్తాయి, ఇంట్లోకి కూడా కొంత చొరబడతాయి. పల్లెలో బతికించేవి అవే. ఊరికి దూరంగా టవరున్న చోట ఏ కంపెనీ తక్కువ ఫ్రీక్వెన్సీతో సేవ ఇస్తోందో ఆ కంపెనీ సిమ్మే పనిచేస్తుంది. దుకాణం వాళ్లు మూటలో కట్టి ఇచ్చే సిమ్ము అదే అవుతుందన్న భరోసా లేదు. ఈ కంపెనీ పనికిరాలేదు, మారిపోదాం అంటే మామూలు సిమ్ము అయితే 90 రోజులు దాటాక 1900 కు మెసేజి పంపి పోర్టు పెట్టుకోవచ్చు. ఒప్పందంతో కూడిన సిమ్ముకు అంత సులువు ఉండదు. బయటికి వెళ్లడానికి ఒప్పందంలో రాసిన షరతు నెరవేర్చకపోతే పోర్టు అభ్యర్థనను తిరస్కరించే వీలు నిబంధనల్లోనే ఉంది. ఇరవై నాలుగు నెలలు అనే మాట అసలు బరువు అక్కడ తెలుస్తుంది.

అసలు మీ అమ్మాయికి రెండో సిమ్ము ఎందుకు? ఆమె చేతిలో ఫోను ఉంది, దానికి రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ డేటా ఎలాగూ వేయిస్తున్నారు. ఆ ఫోనులో హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్‌కు నెట్ వస్తుంది. ఛార్జింగు వైరుతో ఫోనును ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఇంకా మేలు, కనెక్షను నిలకడగా ఉంటుంది, ఫోను ఛార్జింగు కూడా అవుతుంది. సెలవులకు ఊరికి వస్తే ఫోనును కిటికీలోనో మెట్ల మీదో పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌తో లోపల కూర్చోవచ్చు. డాబా సమస్యకు ఇదే తేలికైన మందు. హాస్టల్లో వైఫై ఉందా, ఉంటే ఎలా పనిచేస్తోంది అని పై తరగతి పిల్లలను అడగమనండి, వార్డెనును కాదు. అది బాగుంటే ఆమె మొబైల్ డేటా సగం మిగిలిపోతుంది.

మీ ఊళ్లో కేబుల్ టీవీ నడిపే ఆయనను కూడా ఒకసారి అడగండి. ఏపీ ఫైబర్‌నెట్ గానీ, బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ గానీ, మరొకటి గానీ మీ వీధికి తీగ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఒక్క కనెక్షనుతో వాడుకోవచ్చు. అబ్బాయి చదువుకు, మీ టీవీకి, అందరికీ అదే. తుఫాను రోజుల్లో కరెంటు పోతే మాత్రం ఫైబరైనా టవరైనా ఒకటే. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను నాటి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటప్పుడు కావలసింది ముందే డౌన్‌లోడు చేసి పెట్టుకున్న పాఠాలు, పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీ.

రోజుకు 1.5 జీబీ చాలుతుందా? ఫోనుకు చాలుతుంది, ల్యాప్‌టాప్‌కు చాలదు. యూట్యూబు పాఠం మధ్యస్థమైన నాణ్యతలో గంట చూస్తే అర జీబీ అవుతుంది. అదే పాఠం హెచ్‌డీలో పెడితే గంటకు జీబీ, ఒకటిన్నర జీబీ. జూమ్‌లో గంట క్లాసు వీడియోతో సహా జీబీ దాకా తాగేస్తుంది. ఇవి కాక విండోస్ తనంతట తాను అప్‌డేట్లు దించుకుంటుంది, ఒక్కోసారి అవి కొన్ని జీబీలు ఉంటాయి. పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి పది నిమిషాలు కాకముందే ఆ రోజు డేటా అయిపోయిందని మెసేజి వస్తుంది. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో వాట్సాప్ అక్షరాలు వెళ్తాయి తప్ప కాలేజీ పోర్టలు తెరుచుకోదు. దీనికి విరుగుడు ఉంది. ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ లోకి వెళ్లి, కలుపుకున్న హాట్‌స్పాట్ మీద నొక్కి, మీటర్డ్ కనెక్షన్ అనే మీటను ఆన్ చేయాలి. అప్పుడు విండోస్ పెద్ద అప్‌డేట్లలో చాలావాటిని ఆపి ఉంచుతుంది, వైఫై దొరికిన రోజున దించుకోవచ్చు. మీ అమ్మాయికి ఇది మొదటి రోజే చేసుకోమని చెప్పండి.

ఇక ఆ ల్యాప్‌టాప్. ధర పక్కన పెట్టినా అది మీ అమ్మాయికి పనికిరాదు. ర్యామ్ అంటే ఒకేసారి ఎన్ని పనులు నడపగలదో తేల్చే జ్ఞాపకం, స్టోరేజీ అంటే ఫైళ్లు దాచుకునే చోటు. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అర్హతలే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అంటే ఆ యంత్రం గడప దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాలేదు. విండోసూ దాని అప్‌డేట్లూ కలిసి 64 జీబీలో సగం దాకా ఆక్రమిస్తాయి. మిగిలిన చోటులో జావా, పైథాన్, ఒకటి రెండు ఎడిటర్లు, డేటాబేసు పెట్టేసరికి నిండిపోతుంది. మూడో ఏడాదిలో ఫోను యాప్ తయారుచేయాలంటే ఆండ్రాయిడ్ స్టూడియో కావాలి, దానికి కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, హాయిగా నడవాలంటే 16. ఇలాంటి చవక ల్యాప్‌టాప్‌లలో ర్యామ్, స్టోరేజీ రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి, తర్వాత పెంచుకుందామన్నా వీలుండదు. కొనే రోజునే ఆ ల్యాప్‌టాప్ తలుపులు మూసుకుపోయాయన్నమాట.

ఇలాంటి బేరాలు మన దగ్గరే పుట్టినవి కావు. 2008, 2010 మధ్య బ్రిటన్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ తీసుకుంటే ల్యాప్‌టాప్ ఉచితం అంటూ 18 నెలలు, 24 నెలల ఒప్పందాలు జోరుగా అమ్మారు. వాటితో ఇచ్చినవి చాలావరకు చిన్న తెర, బలహీనమైన ప్రాసెసర్ ఉన్న నెట్‌బుక్‌లు. మన దేశంలో 2023 లో జియో 16,499 రూపాయలకు 4జీ సిమ్ముతో జియోబుక్ తెచ్చింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, విండోస్ కాకుండా వాళ్ల సొంత ఆపరేటింగ్ సిస్టమ్. బడి పిల్లలు పాఠాలు చూసుకోవడానికి అది సరిపోతుంది, కంప్యూటర్ సైన్స్ ల్యాబు సాఫ్ట్‌వేరుకు సరిపోదు. సిమ్ము ఉన్న ల్యాప్‌టాప్ అనగానే చెడ్డదని నేననడం లేదు. చవక ధరలో సిమ్ము కూడా పెట్టాలంటే తయారీదారు మరో చోట కోత పెట్టాలి, ఆ కోత ర్యామ్ మీదా స్టోరేజీ మీదా పడుతుంది.

మీ తమ్ముడికి బాగుందంటే అందులో ఆశ్చర్యం లేదు. ఆయన చెరువు గట్ల మీద తిరిగే మనిషి. నీటి పరీక్షల అంకెలు, మేత లెక్కలు ఎక్కించుకోవాలి, కొనుగోలుదార్లకు మెయిళ్లు పంపాలి. ల్యాప్‌టాప్ మూత తెరవగానే నెట్ ఉండాలి, ఫోను వచ్చే కాల్సుకు ఖాళీగా ఉండాలి. అదీగాక ఆయన చెరువుల దగ్గర ఆ కంపెనీ సిగ్నల్ పట్టినట్టుంది. జీతమో కమిషనో నెలనెలా వచ్చేవారైతే వాయిదా కూడా అంత భారంగా తోచదు. రోజంతా దారుల మీద ఉండే వాళ్లకు, సర్వేలు చేసేవాళ్లకు, మందుల కంపెనీ ప్రతినిధులకు సిమ్ము ఉన్న ల్యాప్‌టాప్ నిజంగా సుఖం. వాళ్లు కూడా డబ్బు కట్టి ల్యాప్‌టాప్ కొని, సిమ్ము తమకు నచ్చినది విడిగా వేసుకుంటే ఇంకా లాభపడతారు. మీ అమ్మాయి పగలు కాలేజీలో, రాత్రి హాస్టల్లో ఒకే చోట ఉండే పిల్ల. ఆమె అవసరం వేరు.

మరి ఏది కొనాలి? మీరు దుకాణానికి ఊరికే ఇవ్వబోతున్న ఆ 16 వేలను 22,990 కి కలిపితే 39 వేలు అవుతుంది. ఆ డబ్బు ల్యాప్‌టాప్ మీదే పెట్టండి. ఇంటెల్ కోర్ ఐ3 గానీ ఏఎండీ రైజెన్ 3, రైజెన్ 5 గానీ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ), ఫుల్ హెచ్‌డీ తెర. 8 జీబీతో కొంటే ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాటు ఉన్న మోడలే అడగండి. మరికొంత పెట్టగలిగితే మొదటే 16 జీబీ తీసుకోండి. ర్యామ్ ధరలు ఈ మధ్య బాగా పెరిగాయి కాబట్టి ఏ రోజు ధర ఆ రోజు చూసుకోవాలి. ప్రాసెసర్ పేరు కంటే, రంగు కంటే, బరువు కంటే నేను ముందు చూసేది ర్యామ్. గేమ్స్ కోసం వచ్చే గ్రాఫిక్స్ కార్డుల జోలికి పోనవసరం లేదు.

అంత డబ్బు పెట్టలేకపోతే, కంపెనీల్లో వాడి బాగుచేసి అమ్మే డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటివి ఉన్నాయి. గట్టి వస్తువులు, మీకు చూపించిన చవక రకం ప్రాసెసర్, సెలరాన్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కంటే ఎన్నో రెట్లు నయం. రెండు షరతులు. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో అయి ఉండాలి, ఎందుకంటే అంతకంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 కు మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసింది. అమ్మేవాళ్లు కనీసం ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాసి ఇవ్వాలి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో దుకాణంలోనే గంటసేపు నడిపించి చూడండి.

కొత్తది కొనేముందు ఆ కంపెనీ వెబ్‌సైటులో మీ పిన్‌కోడు వేసి సర్వీసు సెంటరు ఎక్కడుందో చూసుకోండి. ఒంగోలులో ఉంటే సరే, నెల్లూరైనా ఫరవాలేదు. విజయవాడో చెన్నైయో పంపాలంటే వారాల తరబడి పిల్ల చేతిలో ల్యాప్‌టాప్ ఉండదు. ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీ ఉంటే ఏ పిన్‌కోడుకు వస్తారో అడిగి తెలుసుకోండి. బిల్లు జీఎస్టీ బిల్లుగానే తీసుకోండి, బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి, అది పెట్టె మీదా ల్యాప్‌టాప్ అడుగునా ఉన్న నంబరుతో సరిపోవాలి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో కనిపిస్తుంది. ఆరు నెలల కిందటే మొదలైందని చూపిస్తే అది కొత్త వస్తువు కాదు.

మీ అబ్బాయి సంగతి అడిగారు. సెలరాన్ ల్యాప్‌టాప్ రెండేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు, ఆ అబ్బాయికి కూడా. పైన చెప్పినలాంటిది కొంటే నాలుగేళ్లు అమ్మాయికి వస్తుంది, ఆ తర్వాత అబ్బాయికి ఇవ్వవచ్చు. మధ్యలో పంచుకోమని మాత్రం అనవద్దు. హాస్టల్లో ఒకరు, ఇంట్లో ఒకరు ఉన్నప్పుడు ఒకే ల్యాప్‌టాప్ పంపకం గొడవే తప్ప చదువు కాదు.

చివరగా మీరిచ్చిన వెయ్యి రూపాయలు. రసీదు ఉందా? ఉంటే తీసుకుని, లేకపోతే ఫోన్‌పేలోనో మరో దానిలోనో కట్టిన వివరం తీసుకుని దుకాణానికి వెళ్లండి. అమ్మాయిని కూడా వెంటబెట్టుకోండి. ఈ స్కీము వద్దు, అదే దుకాణంలో మరో ల్యాప్‌టాప్ నగదుకు చూస్తాం, అడ్వాన్సు అందులో కలపండి అనండి. దుకాణం వాళ్లకు అమ్మకం పోదు కాబట్టి చాలావరకు ఒప్పుకుంటారు. ధర కూడా కొంత తగ్గించమని అప్పుడే అడగండి. ఒప్పుకోకపోతే డబ్బు తిరిగి ఇమ్మని కాగితం మీద రాసి ఇచ్చి, దాని ఫోటో ఉంచుకోండి. ఆ తర్వాత 1915 కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తెగకపోతే ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వెయ్యి రూపాయలకు అంత దూరం వెళ్లాల్సిన పని ఉండదనే అనుకుంటున్నాను.

ఒకవేళ అడ్వాన్సు ఇచ్చిన రోజునే మీ ఆధార్, పాన్ తీసుకుని, ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా చెప్పించుకుని ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. అప్పు అప్పటికే మీ పేరున మంజూరై ఉండవచ్చు. మెసేజీలు వెతకండి, ఫైనాన్స్ కంపెనీ పేరుతో ఏదైనా వచ్చిందేమో చూడండి. వచ్చి ఉంటే ఆ ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చదివించుకోండి. ఆ గడువు లోపల జరిమానా లేకుండా అప్పు రద్దు చేసుకునే హక్కు డిజిటల్ అప్పుల నిబంధనల్లో ఉంది. దుకాణానికి నోటితో చెప్పి ఊరుకోకుండా ఫైనాన్స్ కంపెనీకే మెయిలు పెట్టించండి, రద్దయినట్టు వాళ్ల నుంచి తిరిగి రాతపూర్వకంగా వచ్చేదాకా వదలవద్దు. ఆ మెయిలు రాయడం మీ అమ్మాయికి అప్పగించండి.